జెండా ఊపకుండా వెళ్లిన విమానం

ఆ రోజు తప్పు నాదే. ముందు అది చెప్పేస్తాను. లేకపోతే వింత కథ చెప్పి తన తప్పు కప్పిపుచ్చుకుంటున్నాడని అనుకుంటారు. నేను గూడ్సు గార్డుగా పనిచేసి రిటైరయ్యాను. అడవి మధ్య ఆగిపోయిన బండి చివరి పెట్టెలో ఒంటరిగా ఎన్నో రాత్రులు కూర్చున్నాను. ఒక్క దయ్యమూ పలకరించలేదు. వాటి మీద నమ్మకమూ కలగలేదు.

అమ్మకు విమానం ఎక్కాలని కోరిక. ఎన్నో ఏళ్ల కిందట మేముండే బిలాస్‌పూర్‌కు ఒక చిన్న విమానం వచ్చేది. ఎక్కిస్తానని నాన్న మాటిచ్చాడు. ఆయనకు సెలవు దొరికేలోపే ఆ విమానం రావడం మానేసింది. మళ్లీ ఇన్నేళ్లకు చిన్న విమానాలు మొదలయ్యాయి. అవీ కొన్ని రోజులే వస్తాయి, ఎప్పుడు ఆగిపోతాయో తెలియదు. అమ్మకు ఎనభై దాటాయి. ఈసారి తప్పితే ఇక లేదని ఇద్దరికీ తెలుసు. జబల్‌పూర్‌లో పిన్ని ఇంటికని టికెట్లు తీశాను.

సర్కండాలోని మా ఇంటి నుంచి నేరుగా విమానాశ్రయానికి వెళ్లాల్సింది. నేను ఆటోను తోర్వా వైపు తిప్పించాను. అక్కడి టీకొట్టు దగ్గర నా పాత డ్యూటీ స్నేహితులు కూర్చుంటారు. విమానం ఎక్కుతున్నానని వాళ్లకు చెప్పుకోవాలని నా ఆశ. "టైమైపోతాదిరా" అని అమ్మ అంటూనే ఉంది. నేను పచ్చజెండా ఊపందే బండి కదలని ఉద్యోగం నాది. నన్ను వదిలి ఏదీ వెళ్లదన్న పొగరు ఇంకా పోలేదు.

చేరేసరికి కౌంటరు మూసేశారు. బతిమాలినా పంపలేదు. బయట బెంచీ మీద కూర్చున్నాం. విమానం పైకి లేచిన చప్పుడు వినిపించింది.

అమ్మ తిట్టలేదు. "ఏటిరా, నువ్వు జెండా ఊపకుండానే ఎల్లిపోనాదే!" అని నవ్వి, కళ్లు మూసుకుంది. తిట్టినా అంత బాధ ఉండేది కాదు.

చాలాసేపటికి కళ్లు తెరిచింది. ముఖం వెలిగిపోతోంది.

"బలేగుందిరా! రెక్క నెత్తిమీదుంది, కిందంతా కనబడ్డాది. మన అర్పా నది జడరిబ్బన్లాగుంది. సెవులు మూసుకుపోతే మన సుజాత పిప్పరమెంటు ఇచ్చింది."

"అచ్ఛా, కలొచ్చిందా అమ్మా?"

"కలేటిరా, నాలిక ఇంకా సల్లగుంటేను!"

సుజాత మా పక్కింటి అమ్మాయి. బొగ్గు గనుల ఆఫీసులో ఉద్యోగం. ఆ రోజు ఆమె ఊరు వెళ్తున్నట్టు మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

సాయంత్రం సుజాత జబల్‌పూర్ నుంచి ఫోన్ చేసింది. "అరే మావయ్యా, అమ్మమ్మని ఒక్కదాన్నే పంపేసారేటి? ఆకుపచ్చ చీరలో కిటికీ పక్కనే కూర్చుంది. చెవులు మూసుకుపోతున్నాయంటే పిప్పరమెంటు ఇచ్చాను. దిగాక ఎంత వెతికినా కనబడలేదు. నాకు కంగారుగా ఉంది!"

నేను అమ్మ కట్టుకున్న ఆకుపచ్చ చీర వైపు చూశాను. అమ్మ ఫోన్ లాక్కుంది. "కంగారు పడకే పిల్లా, ఇంట్లోనే ఉన్నాను. భోంచేసావా?"

మరో ముసలామెను చూసి సుజాత పొరబడిందని చాలాసార్లు నాకు నేనే చెప్పుకున్నాను. కానీ పిప్పరమెంటు సంగతి ఆ ఫోన్ రాకముందే అమ్మ చెప్పింది.

చేసిన తప్పు దిద్దుకోవాలని మళ్లీ టికెట్లు తీశాను. ఈసారి తోర్వా వైపు చూడను కూడా లేదు. తలుపులు తీయకముందే గేటు దగ్గర నిలబడ్డాం.

"విమానం ఇంకా పుట్టనేదురా, అప్పుడే తెచ్చీసినావు" అని అమ్మ వెక్కిరించింది. అదే ఆకుపచ్చ చీర కట్టుకుంది.

లోపలికి వెళ్లాక ఆమెను కిటికీ వైపు జరగమన్నాను. జరగలేదు.

"నాను సూసేసాను గదరా. నువ్వు కూకో."

విమానం లేచింది. రెక్క నిజంగానే నెత్తిమీద ఉంది. "ఇప్పుడు ఇటేపు ఒంగుతాది. రైలుబండి కనబడతాది సూడు" అంది అమ్మ. విమానం ఒంగింది. కింద పొడవాటి గూడ్సు బండి, దాని చివర గార్డు పెట్టె. నా జీవితమంతా గడిచిన ఆ గది అగ్గిపెట్టెకన్నా చిన్నగా ఉంది.

కళ్లు తుడుచుకుంటుంటే అమ్మ తన ఆకుపచ్చ కొంగు తీసి నా చేతిలో పెట్టింది.

"ఊపరా. ఇప్పుడు ఊపు."

చుట్టుపక్కల వాళ్లు చూస్తున్నా, కిటికీ ముందు ఊపాను.