పొడుగున్నవాళ్ళే ముందు పుట్టారు

ఆ రోజుల్లో నాకు లోకం చాలా తేలిగ్గా అర్థమయ్యేది. ఇప్పుడు అంత తేలిగ్గా ఏదీ అర్థం కావడం లేదు. రెండో తరగతి చదివే వయసుకే చందమామ మా ట్రాక్టరు వెంట ఎందుకు వస్తాడో నాకు తెలుసు (మా ఊరు చూడాలని), పచ్చి మిరపకాయ చెట్టుమీదే ఎందుకు ఎర్రబడుతుందో తెలుసు (ఎండమీద కోపంతో), పత్తికాయ ఎందుకు పగులుతుందో కూడా తెలుసు (లోపల ఊపిరాడక). గుంటూరుకు కాస్త దూరంలో, నల్లరేగడి నేలలో ఒకవైపు పత్తి, ఒకవైపు మిరప వేసుకుని బతికే ఊరు మాది. చేలగట్టున కూర్చుని, మబ్బుల నీడలు చేలమీదుగా పోతుంటే చూస్తూ, నేను రోజుకో సిద్ధాంతం తయారుచేసేదాన్ని. నన్నెవరూ అడిగేవారు కాదు కాబట్టి ఎవరూ కాదనేవారూ కాదు.

వాటన్నిటిలోకీ గట్టిది, పొడుగున్నవాళ్ళే ముందు పుట్టారన్నది. అమ్మ నాకంటే పొడుగు, నాకంటే ముందు పుట్టింది. నేను పక్కింటి పాపకంటే పొడుగు, దానికంటే ముందు పుట్టాను. ఇంకేం కావాలి? చిక్కల్లా మా పెదనాన్న కొడుకుతో వచ్చింది. వాడు నాకంటే ఏడాది ముందు పుట్టాడట, కానీ మనిషి ఎదగలేదు. ఊరంతా వాణ్ణి బుడ్డోడు అనేది, నేను మాత్రం అన్నయ్యా అనాలి (అనకపోతే మా పెద్దమ్మ ఊరుకునేది కాదు). బడి తెరిచిన కొత్తలో మా టీచరు అందరినీ గోడకు నిలబెట్టి ఎత్తు కొలిచింది. ఎండైనా వానైనా గొడుగు వదలదు కాబట్టి ఆవిణ్ణి మేము గొడుగు టీచరు అనేవాళ్ళం. గోడమీద నా గీత బుడ్డోడి గీతకు పైన పడింది. ఇంటికి వచ్చే దారిలోనే తేల్చేశాను.

"ఇయ్యాల్టి నుంచి నువ్వే నన్ను అక్కా అనాలిరా" అన్నాను. వాడు ఏడ్చుకుంటూ ఇంటికి పరుగెత్తాడు.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కానీ సిద్ధాంతమన్నాక ఇంటిల్లిపాదికీ వర్తించాలి కదా. మా నాన్న పొడగరి, పెదనాన్న ఆయన భుజం దాకా వస్తాడు. అంటే మా ఇంట్లో వరసలు పెట్టినవాళ్ళెవరో పొరబడ్డారన్నమాట. మర్నాడు చేలో పత్తిగింజలు పెడుతున్న కూలీలందరి ముందూ పెదనాన్న దగ్గరికి వెళ్ళి, ఇకమీదట ఆయన్ని బాబాయి అని పిలుస్తానని మర్యాదగానే తెలియజేశాను. ఆయనకు తన ఎత్తు మాటెత్తితే ఒళ్ళు మండుతుంది. కూలీలు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆ సాయంత్రం మా రెండిళ్ళ మధ్యా కూర గిన్నెల రాకపోకలు ఆగిపోయాయి. అమ్మ నా వీపుమీద ఒకటి వేసి వెళ్ళి క్షమాపణ చెప్పి వచ్చింది. నా సిద్ధాంతానికి మాత్రం దెబ్బ తగల్లేదు.

కబురు గొడుగు టీచరు దాకా వెళ్ళింది. ఆవిడ నన్ను తిట్టలేదు, తప్పనీ అనలేదు. మిరప నాట్లు వేసే రోజుల్లో ఒకే కట్టలోంచి రెండు నారుమొక్కలు తీసి నా చేతికిచ్చి, ఒకటి బడి కుళాయి పక్కన, ఇంకొకటి గోడ నీడలో నాటమంది. ఎందుకో చెప్పలేదు.

ఆ మొక్కలు పెరిగినన్నాళ్ళూ నా మనసు ఇంకో చోట ఉంది. మా నాయనమ్మ నడుము వంగిపోతోంది. అంతకుముందు నేను తలెత్తి చూసే మనిషి, ఆ ఏడు నా ఎత్తుకు వచ్చేసింది. ఇంట్లో పెద్దవాళ్ళు ఆవిడ గురించి గొంతు తగ్గించి మాట్లాడుకునేవారు, ఆవిడ తోటి ముసలమ్మలు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. నాకు మాత్రం ఏ దిగులూ లేదు. పొట్టి అవుతోందంటే నాయనమ్మ చిన్నపిల్ల అవుతోంది, అంతే. ఇలాగే తగ్గుతూ తగ్గుతూ చివరికి ఉయ్యాల్లో పడుకుంటుంది. అప్పుడు నేను గోరుముద్దలు తినిపించాలి, జడ వెయ్యాలి, చెయ్యి పట్టుకుని బడికి తీసుకెళ్ళాలి. అందుకని నాకు బిగుతైన గౌన్లన్నీ ఒక పాత గోతంలో దాచిపెట్టేదాన్ని. కూలీల పిల్లలకు ఇచ్చేద్దామని అమ్మ అంటే ఇల్లు పీకి పందిరి వేసేదాన్ని. ఎవరికోసమో మాత్రం చెప్పేదాన్ని కాదు (వింటే నాయనమ్మ సిగ్గుపడుతుందని).

కల్లాలు ఎర్రగా పరుచుకుని ఊరంతా తుమ్ముతున్న రోజుల్లో ఒక పొద్దున టీచరు మమ్మల్ని మొక్కల దగ్గరికి తీసుకెళ్ళింది. కుళాయి పక్కది నా నడుము దాకా పెరిగి కాయలు వేలాడేసుకుంది. గోడ నీడలోది జానెడు దగ్గరే ఆగిపోయింది. రెండిట్లో ఏది ముందు పుట్టిందని టీచరు అడిగింది. కుళాయి పక్కదేనని అందరూ అరిచారు. నేనూ అరవబోయి ఆగాను. ఆ రెండింటినీ నాటింది నేనే కదా.

"రెండూ ఒక్కసారే టీచర్" అన్నాను. "దానికి ఎండ తగల్లేదు, అందుకని పొట్టిగా ఉంది."

టీచరు మొహం వెలిగిపోయింది. బుడ్డోడైతే తన అన్నరికం తిరిగొచ్చిందని గంతులేశాడు. అందరూ చప్పట్లు కొడుతుంటే నాకు ఇంకో ఆలోచన వచ్చింది. పొట్టిగా ఉంటే చిన్నవాళ్ళు కానక్కర్లేదు. అయితే నాయనమ్మ చిన్నపిల్ల కావడం లేదు. ముసలిది అవుతోంది. నేను అక్కడే కూలబడి బావురుమన్నాను.

అక్క పదవి పోయినందుకు ఏడుస్తున్నాననుకుంది టీచరు. గొడుగు కింద కూర్చోబెట్టుకుని బుజ్జగిస్తే, వెక్కుతూ గౌన్ల సంగతంతా చెప్పాను. ఆవిడ తన కొంగుతో నా మొహం తుడిచింది.

"ఇదంతా నాకు ముందే తెలిసుంటే, ఈ మొక్కల్ని వచ్చే ఏడు దాకా ఆపేదాన్నమ్మా" అంది.

బడి వదిలాక నన్ను ఇంటికి తీసుకొచ్చి నాయనమ్మకు అంతా చెప్పింది. నాయనమ్మ దగ్గొచ్చేదాకా నవ్వింది. తర్వాత కళ్ళు తుడుచుకుని, గోతంలోంచి ఒక గౌను తీయించి తన గుండెకు ఆనించి చూసుకుంది.

"ఇంకా పట్టదే నాకు. ఇంకాస్త తగ్గాలి. దాచి ఉంచు తల్లీ" అంది.

అలాగేనన్నాను. అది జరగదని అప్పటికి నాకు తెలుసు, నాకు తెలుసని ఆవిడకూ తెలుసు. నేను హైస్కూలుకు వెళ్ళిన ఏడు నాయనమ్మ పోయింది.

తర్వాత నేనూ టీచర్నే అయ్యాను. ట్రైనింగులో చెప్పారు, ఒక వయసు దాకా పిల్లలు కంటికి కనబడినదాన్నే నమ్ముతారట, వస్తువుల్ని తమ చేతులతో తాకి, మార్చి చూస్తూ తమంతట తామే ఆ దశ దాటుతారట, మనం తొందరపెట్టి లాభం లేదట. అదంతా పరీక్షలో బాగానే రాశాను. దాటేటప్పుడు వాళ్ళు ఏం వదిలేసి వస్తారో మాత్రం ఆ పాఠంలో లేదు. అందుకని నా తరగతిలో ఎవరైనా వింత మాట అంటే, దిద్దే ముందు, అయితే ఏంటమ్మా అని ఇంకొక్క ప్రశ్న వేస్తాను. ఇన్నేళ్ళలో నాకు వచ్చిన బోధన అంతే.

నా ఎదుగుదల ఎనిమిదో తరగతిలోనే ఆగిపోయింది (బుడ్డోడు ఇప్పుడు గుమ్మంలో తల వంచి వస్తాడు). మా బడిలో పెద్ద మాస్టారు ఈమధ్యే రిటైరయ్యారు. పిల్లలు ఇంకా ఆయన కుర్చీ వైపు చూస్తూనే ఉన్నారు. మొన్న ఒకటో తరగతి పిల్ల ఒకతి నా పక్కన నిలబడి నన్ను కిందినుంచి పైదాకా చూసి, "మా అక్క మీకంటే పొడుగు టీచర్. అక్కే ముందు పుట్టింది" అంది. అయితే ఏంటమ్మా అన్నాను.

"అయితే పెద్ద మాస్టారులాగా మీరు ఇప్పుడిప్పుడే ఎల్లిపోరు" అంది.

వెళ్ళనన్నాను. నల్లబల్ల పైన తేదీ వెయ్యడానికి చెయ్యి అందక, రోజూలాగే కుర్చీ ఎక్కబోయాను. ఆ పిల్ల గబగబా వచ్చి నా కొంగు పట్టుకుంది.

"ఎక్కమాకండి టీచర్, పొడుగైపోతారు" అంది.

నవ్వొచ్చింది, కళ్ళూ తడిశాయి. కుర్చీ పక్కకు జరిపి, ఆ రోజు తేదీ నల్లబల్ల కింది మూలలో వేశాను.