లువా చదవకుండా పెట్టిన సంతకాలు

లువా మొదటిసారి పరీక్ష తప్పిన రోజు మా వీధికి రొట్టె దొరకలేదు. ఇరవై ఏళ్లలో ఆమె దుకాణం మూతపడింది అంతకుముందు రెండుసార్లే, ఇద్దరు పిల్లలూ పుట్టిన రోజుల్లో. అప్పుడైనా మధ్యాహ్నానికల్లా ఆమె భర్త థిన్ వచ్చి తెరిచాడు. ఈసారి మాత్రం సాయంత్రమైనా షట్టర్ లేవలేదు. పాత రైల్వే గార్డు బోహుష్ ఖాళీ సంచీ పట్టుకుని నిలబడి, "ఎవరైనా పోయారా?" అని నన్నడిగాడు.

"నోర్ముయ్. పోయింది పరీక్ష," అన్నాను.

మా ఖెబ్ ఊళ్లో వియత్నాం వాళ్ల దుకాణం లేని వీధి లేదు. ఆ రోజుల్లో చెక్ బామ్మ లేని వియత్నాం ఇల్లూ ఉండేది కాదు. తల్లీతండ్రీ తెల్లారింది మొదలు దుకాణంలోనే ఉంటే పిల్లల్ని చూసేదెవరు? మాలాంటి పింఛను ముసలమ్మలే. నేను పింగాణీ ఫ్యాక్టరీలో ముప్ఫై నాలుగేళ్లు కప్పుల అంచులకు నీలిగీత గీసి, మొగుణ్ణి సాగనంపి, ఏమీ తోచక గోడలు చూస్తూ కూర్చున్న రోజుల్లో లువా మూడు నెలల పిల్లను చంకనేసుకుని వచ్చింది. అప్పటికి ఆమెకు వచ్చిన మా మాటలు పాలు, రొట్టె, రేపు. పిల్లను నా చేతుల్లో పెట్టి, "రేపు, రేపు" అంది. రోజూ తెస్తానని కాబోలు. ఎలిష్కా అన్న పేరు ఆ పూటే నేను పెట్టాను. మూడేళ్లకు తమ్ముడు పుడితే వాడికి వోయ్తా అని పెట్టాను. కాగితాల్లో వేరే పేర్లున్నాయి, అవి నాకు నోరు తిరగవు. వీధి మాత్రం ఊరుకుంటుందా, లువాకు లెంకా అని పెట్టుకుంది.

సాయంత్రం ఆమె వచ్చేసరికి పిల్లలు సగం నిద్రలో ఉండేవారు. ఇద్దరం మాట్లాడుకుందామంటే మాటల్లేవు. అందుకే రాసేదాన్ని. ఏం తిన్నారు, ఎందుకు ఏడ్చారు, ఏం పగలగొట్టారు, అన్నీ నా ముత్యాల్లాంటి కలిపిరాతలో. భర్తకు చదవడం వచ్చని విన్నాను, అతను చదివి చెబుతాడనుకున్నాను. లువా నోటుపుస్తకం తీసుకుని, తల ఊపి, పేజీ అడుగున చక్కగా సంతకం పెట్టి, మర్నాడు పొద్దున తిరిగిచ్చేది. పన్నెండేళ్లలో పదకొండు పుస్తకాలు నిండాయి. ఇంత శ్రద్ధగల తల్లి ఊళ్లో లేదని నేను అందరికీ గొప్పలు చెప్పుకున్నాను.

ఇక పరీక్ష సంగతి. శాశ్వత నివాసం కార్డులు వాళ్లకు ఎప్పుడో వచ్చాయి. పౌరసత్వానికి నలుగురూ కలిసి ఒకే దరఖాస్తు వేద్దామనుకున్నారు. పిల్లలు ఇక్కడి బడిలో చదివారు కాబట్టి వాళ్లకు పరీక్ష లేదు. థిన్ మొదటిసారే గట్టెక్కాడు. లువాకు దేశం గురించిన ప్రశ్నలు కొట్టినపిండి. కౌంటరు ముందు నిలబడిన ప్రతివాడూ సిగరెట్లు అడిగేముందో ప్రశ్న, తీసుకున్నాకో ప్రశ్న వేసి నేర్పారు మరి. మాట్లాడటంలోనూ నెగ్గింది. చదవడం, రాయడం దగ్గర నిండా మునిగింది.

ఆ రాత్రి భోజనాలు నా వంటింట్లోనే. థిన్ చెంచా కింద పెట్టి మెల్లగా మొదలుపెట్టాడు.

"నవంబరు పన్నెండుకి ఎలిష్కాకు పద్దెనిమిది నిండుతాయి. ఆలోపు వెయ్యకపోతే అది విడిగా వేసుకోవాల్సిందే. నువ్వాగు లువా. ముందు మేం ముగ్గురం వేసేస్తాం. నువ్వు నిదానంగా..."

"నిదానంగానా?" లువా ఒంటికాలి మీద లేచింది. "మీ ముగ్గురిదీ ఒక దేశం, నాది ఇంకో దేశమా? ఈ బల్ల మధ్యలో గీత కూడా గీస్తావా?"

"సెప్టెంబరులో ఇంకో పరీక్ష ఉంది. అది కూడా పోతే?"

"పోతే మీరు వేసుకోండి. నేను కూరగాయలు సర్దుకుంటా."

నాకు ఆమె బాధకంటే ఆశ్చర్యమే ఎక్కువైంది. "చదవడం రాదంటావేమిటే? పన్నెండేళ్లు నా రాత చదివావు కదా!"

"ఏ రాత బామ్మగారూ?"

"నోటుపుస్తకాలే తల్లీ. రోజూ సంతకం పెట్టావు."

లువా నా మొహం చూసింది, మొగుడి మొహం చూసింది. "అవి చదవాల్సినవా?"

"మరి ఎందుకు పెట్టావ్ సంతకం?"

"సరుకు దిగినప్పుడు డ్రైవరు కాగితం ఇస్తాడుగా, అందినట్టు కింద సంతకం పెడతాను. మీరూ పిల్లల్నిచ్చి కాగితమిచ్చేవారు. ఇద్దరూ సరిగ్గా అందినట్టు పెట్టాను."

థిన్ దగ్గుతున్నట్టు నటించాడు. ఎలిష్కా బల్ల కింద దూరి నవ్వింది. నాకు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది. పన్నెండేళ్లు! కళ్లజోడు రెండుసార్లు మార్చి మరీ రాశాను! లోపలికి వెళ్లి పెట్టె ఈడ్చుకొచ్చి, పదకొండు పుస్తకాలూ సూపు గిన్నె పక్కన ధబీమని పడేశాను.

"ఇవే నీ పాఠాలు. ఒక్క పేజీ వదిలినా నా గడప తొక్కకు."

అచ్చులో ఉన్నది కాస్తో కూస్తో కూడబలుక్కుంటుంది గానీ కలిపిరాత ఆమెకు ముళ్లకంప. రెండు వారాలు కూతురే పక్కన కూర్చుని అక్షరాలు విడదీసి చూపించింది. మూడో వారం ఒక పొద్దున నా తలుపు విరిగిపోతుందేమో అన్నట్టు మోత.

"బామ్మగారూ! వీడు కుక్క బిస్కెట్టు తిన్నాడా?"

"ఎవడే?"

"వోయ్తా! రెండు తిన్నాడట! మూడోది దాచుకున్నాడట!"

"ఎప్పుడు?"

"మార్చి తొమ్మిది!"

"ఏ సంవత్సరం మార్చే తల్లీ? వాడిప్పుడు నీకంటే జానెడు పొడుగున్నాడు."

"ఏమీ కాలేదా మరి?" అని ఆమె నిజంగానే గాభరాగా అడిగింది.

ఆ వేసవంతా మా వీధిలో అదే సందడి. లువా కౌంటరు మీద పుస్తకం తెరిచి, వేలు పెట్టుకుని పైకే చదివేది. వరుసలో జనం కదిలేవారు కాదు. "నిన్న గొంతులో బఠాణీ ఇరుక్కున్న దగ్గర ఆపావు. బయటికొచ్చిందా లేదా?" అని బోహుష్ గోలపెట్టేవాడు. "రానివ్వండి, ఇంకా పేజీ తిప్పలేదు," అనేది లువా. ఎలిష్కా ఐదేళ్లప్పుడు మా పక్కింటావిడ కర్టెను కత్తిరించిన సంగతి చదివిన రోజైతే, పదిహేడేళ్ల కూతుర్ని దుకాణం మధ్యలో నిలబెట్టి చీవాట్లు పెట్టింది. అంతటితో ఊరుకుందా, కొత్త కర్టెను కొని పక్కింటికి పట్టుకెళ్లింది. పక్కింటావిడ పాపం ఆ సంగతే మరిచిపోయింది, నోరు వెళ్లబెట్టి తీసుకుంది. నాకైతే ఇరవై ఏళ్లు తగ్గినంత హుషారుగా ఉండేది. నేను రాసింది ఒక మనిషి ఇంత ఆబగా చదవడం నా జన్మలో చూడలేదు.

ఆగస్టులో ఒకరోజు మాత్రం తలుపు మెల్లగా తట్టింది. మొదట్లో అర్థంకాక దాటేసిన పేజీల కోసం మొదటి పుస్తకం మళ్లీ మొదలుపెట్టిందట. కుర్చీలో కూర్చుని, తడబడకుండా చదివింది.

"అక్టోబరు మూడు. ఎలిష్కా ఇవాళ నడిచింది. పొయ్యి దగ్గర నుంచి కుర్చీ దాకా, నాలుగడుగులు. అమ్మకు చూపిద్దామని నిద్రపోనివ్వకుండా ఉంచాలని చూశాను, నిద్రపోయింది."

పుస్తకం మూసింది. "నాకు నవంబరులో నడిచి చూపించింది బామ్మగారూ. అదే మొదటిసారి అనుకున్నాను. పాలవాడికి చెప్పాను, పోస్టమ్మకు చెప్పాను, మా అమ్మకు ఫోన్ చేసి ఏడ్చాను. అప్పుడు మీరు పక్కనే ఉండి చప్పట్లు కొట్టారు."

"నీకు తెలిసే మురిసిపోతున్నావనుకున్నానే. రాశానుగా. సంతకం పెట్టావుగా."

నా ముత్యాల రాత మీద నాకే అసహ్యం వేసింది. ఆ రోజు ఎలిష్కాను ఎత్తుకుని దుకాణానికి నాలుగు సందులు నడిస్తే పోయేదేముంది? రాయడానికి కూర్చున్నాను గానీ ఆ ఆలోచనే రాలేదు.

లువా కళ్లు తుడుచుకుని, "ఏ కుర్చీ?" అంది.

చూపించాను. అదే పొయ్యి, అదే కుర్చీ. చెప్పులు విడిచి, పొయ్యి దగ్గర నిలబడి కుర్చీ దాకా నడిచింది. ఆమెకు రెండడుగులే పట్టింది. వెనక్కి వెళ్లి, చిన్నచిన్నగా నాలుగడుగులు వేసి మళ్లీ నడిచింది. అప్పుడు నవ్వింది, నేనూ నవ్వాను, ఇద్దరం ముక్కులు చీదుకున్నాం.

సెప్టెంబరు పరీక్షకు ప్ల్జెన్ పట్నం దాకా రైల్లో నేనూ వెళ్లాను. నా మోకాలు వద్దంటున్నా వినలేదు. లువా బయటికొచ్చేసరికి బుగ్గలు కందగడ్డల్లా ఉన్నాయి.

"స్నేహితురాలికి ఉత్తరం రాయమన్నారు, మీ ఇంట్లో సంతోషకరమైన రోజు గురించి! ఎలిష్కా నడిచిన రోజు రాశాను!"

"నువ్వు చూడలేదు కదే?"

"చూడలేదని కూడా రాశాను. జాగా చాలక కాగితం వెనక్కి తిప్పాను!"

అక్టోబరు చివర్లో కవరు వచ్చింది. అప్పుడు వరుసలో ఏడుగురున్నారు. చించి ఇస్తానని బోహుష్ చెయ్యి చాపితే ఆ చేతి మీద ఒకటి వేసింది. తనే చించింది, వేలు పెట్టకుండా పైకి చదివింది. "ఉత్తీర్ణురాలు" అన్న మాట దగ్గర గొంతు కీచుమంది. ఆ రోజు దుకాణం మూయలేదు గానీ బోహుష్‌ను కౌంటరు మీదుగా లాగి రెండు బుగ్గలూ ముద్దు పెట్టుకుంది. ఆ ముసలాడు రొట్టె కొనడం మరిచి వెళ్లిపోయాడు.

నవంబరు నాలుగున నలుగురూ ఆఫీసుకు వెళ్లారు. నా మోకాలు పూర్తిగా మొరాయించింది. కిటికీ దగ్గర కూర్చుని దారి చూస్తూ చూస్తూ గసగసాల బన్నులు మాడ్చాను. మధ్యాహ్నం లువా ఒక్కతే వచ్చింది. ఏమైందే అన్నాను. సంచిలోంచి కొత్త నోటుపుస్తకం తీసి నా ఒళ్లో పెట్టింది. ఆఫీసు వరండాలో బల్ల మీద కూర్చుని రాసిందట. కలిపిరాతే, అక్షరాలు మాత్రం కుంటుతున్నాయి.

"నవంబరు నాలుగు. ఒక ఫైలు, నాలుగు పేర్లు. తీసుకున్నారు. జవాబు రావడానికి నెలలు పడుతుందట. దరఖాస్తుతో ఇచ్చే జీవిత కథ నేనే రాశాను. గుమాస్తా అది అక్కడే చదివింది. మీ పేరు ఆరుసార్లు వచ్చిందని, ఈవిడ మీకేమవుతారు అని అడిగింది. థిన్ ఏదో చెప్పబోతే కాలు తొక్కాను. నా పిల్లల్ని రోజూ సరిగ్గా నాకు అందించిన మనిషి అన్నాను. ఆమెకు అర్థం కాలేదు. ఎలిష్కా మెట్లు దిగుతూ మూడేసి మెట్లు దూకింది. ఈసారి నేను చూశాను."

తప్పులు ఏడున్నాయి. ఒక్కటీ దిద్దలేదు. పేజీ అడుగున లువా రెండు వేళ్ల జాగా వదిలి, పెన్ను మూత తీసి పట్టుకుని నిలబడింది.

"ముందు చదవండి," అంది.

"చదివానే."

"ఇంకోసారి."

ఇంకోసారి చదివి, సంతకం పెట్టాను.