శామీర్‌పేట చెలకలో సముద్ర సేనాని ముద్ర

2005 వేసవిలో శామీర్‌పేట మండలాఫీసు నుంచి మాకు ఫోన్ వచ్చింది. ఒక పల్లెలో ప్లాట్లు చేయడానికి చెలక, అంటే మెట్ట పొలం, చదును చేస్తుంటే పాత ముద్ర ఒకటి దొరికిందట. పని ఆపించాం, ఎవరైనా వచ్చి చూడండి అన్నారు. పురావస్తు విభాగంలో నాణేలు, ముద్రలు పరిశీలించడం నా ఉద్యోగం. ఆ వైపు భూముల ధరలు పెరిగిన కొద్దీ లంకెబిందెల కథలు కూడా పెరుగుతూ వచ్చాయి. అందుకే అనుమానంతోనే జీపెక్కాను.

చెలక జంగారెడ్డి అనే ఆసామిది. ముద్ర తెచ్చి ఇచ్చినవాడు మహబూబ్. అరవై దాటిన మనిషి, ఆ భూమిని చాలా ఏళ్లుగా పంటలో పాలుకు చేస్తున్నాడు. భూమి అమ్ముడుపోతే అతనికి చేసుకోవడానికి ఇంకేమీ లేదు.

"మేడం, గిదంత వీని నాటకం," అన్నాడు జంగారెడ్డి. "పని బంద్ జేయిస్తానికి ఏడికెల్లో తెచ్చి పెట్టిండు."

చుట్టూ చేరినవాళ్ల అనుమానం ఇంకో రకం. బంగారం కుండ దాచేసి సీసం బిళ్ళ చూపిస్తున్నాడని వాళ్ల మాట.

"మట్టిల దొరికింది మేడం. తెచ్చి మండలాఫీసుల ఇచ్చిన, గంతే," అన్నాడు మహబూబ్.

ఎక్కడ దొరికిందని అడిగితే బావి పక్కన చూపించాడు. కాసేపటికి మళ్లీ అడిగితే దూరంగా ఉన్న గట్టు చూపించాడు. అబద్ధమాడుతున్నాడని అప్పుడే నాకు అర్థమైంది.

ముద్ర మాత్రం నకిలీ కాదు. రూపాయి బిళ్ళంత సీసం ముక్క. ఒకవైపు శిలువ ఆకారంలో అల్లిన అక్షరాలు, రెండోవైపు గ్రీకు రాత. మన దక్కనులో దొరికే రోమన్ నాణేల కోసం కొంత గ్రీకు నేర్చుకున్నాను కాబట్టి కూడబలుక్కుంటూ చదివాను. ఆఫీసుకు తెచ్చి, పుస్తకాల్లోని ఫోటోలతో పోల్చి చూశాక రాత తేలింది: కిబిరియోటుల స్ట్రాటెగోస్.

అది బైజాంటియం కాలపు ముద్ర. బైజాంటియం అంటే కాన్‌స్టాంటినోపుల్ రాజధానిగా సాగిన తూర్పు రోమన్ సామ్రాజ్యం. దాని రాష్ట్రాలను థీమ్ అనేవారు, పాలించే సేనానిని స్ట్రాటెగోస్ అనేవారు. ఇప్పటి టర్కీ దక్షిణ తీరంలోని కిబిరియోట్ థీమ్ మిగతావాటిలాంటిది కాదు. అది ఓడల కోసం ఏర్పడిన రాష్ట్రం. నేటి అంటాల్యా దాని ముఖ్య రేవు. సిరియా నుంచి వచ్చే అరబ్బు నౌకలను అక్కడి ఓడలే అడ్డుకునేవి. నావికులకు జీతం కొద్దిగానే ముట్టేది, వాళ్ల ఇళ్లు గడిచేది తీరంలోని పొలాల మీద. పొలం అనుభవించే కుటుంబం ఓడకు మనిషిని పంపాలి.

అలాంటి సేనాని ముద్ర శామీర్‌పేటకు ఎలా వస్తుంది? బంగారు నాణెం వ్యాపారంలో ఎంత దూరమైనా పోతుంది. సీసం ముద్ర ఉత్తరానికి వేసేది, ఉత్తరం విప్పిన చోటే రాలిపోతుంది. భూతద్దం కింద అక్షరాల సందుల్లో ఇసుక, గవ్వ పొడి గట్టిపడి కనిపించాయి. మన ఎర్రమట్టి పైపైనే ఉంది, కుంచెతో దులిపితే పోయింది. ముద్ర మధ్యలో దారం పోవడానికి ఉన్న సన్నటి కంతలో నీలం రంగు నైలాన్ పోగు చిక్కుకుని ఉంది. ఎవరో జాలరి దాన్ని వలకు బరువుగా కట్టుకున్నాడన్నమాట. వస్తువు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పే ఆధారాన్ని మేం ప్రావినెన్స్ అంటాం. ఇక్కడ అది సముద్రాన్ని చూపిస్తోంది. మహబూబ్ ఎన్నడైనా సముద్రం చూశాడా?

మళ్లీ వెళ్లేసరికి మహబూబ్ పోలీస్ స్టేషన్‌లో ఉన్నాడు. కుండ సంగతి చెప్పమని పొద్దుటి నుంచి కూర్చోబెట్టారట. అతనికి అలాంటి ముద్ర ఇవ్వగలిగినవాళ్లు ఉంటే ఆసామి ఇంట్లోనే ఉండాలనిపించి, నేను నేరుగా జంగారెడ్డి ఇంటికి వెళ్లాను.

"మీ ఇంట్లో ఓడల మీద పని చేసినవాళ్లు ఎవరన్నా ఉన్నారా?"

"మా బావ షిప్పుల ఇంజినీరు. పోయి నాలుగేండ్లాయె," అన్నాడతను. "గదెందుకు మేడం?"

చాయ్ తెచ్చిన అతని చెల్లెలు అనసూయ గుమ్మంలోనే ఆగిపోయింది. మొగుడు పోయినప్పటి నుంచి ఆమె అన్న దగ్గరే ఉంటోంది. ట్రే చేతిలో అలాగే ఉంది. నేను ఆమెనే చూస్తూ, "ఈ ముద్ర సముద్రం పక్క నుంచి వచ్చింది. దానికోసం ఒక ముసలాయన స్టేషన్‌లో కూర్చున్నాడు," అన్నాను.

ఆమె ట్రే కింద పెట్టింది. "మహబూబ్‌ను ఇడిపించుండ్రి. పెట్టింది నేను."

జంగారెడ్డి లేచి నిలబడ్డాడు. "నువ్వా? నీకేమన్న తక్వ జేసిన్నా?"

"నాయిన భూమి అమ్ముతున్నవని ఊరోల్లు చెప్తే తెలిసింది నాకు. నన్నొక్క మాట అడిగినవా అన్నా?"

"నువ్వడిగితే నీ వాటా ఇయ్యకపోదునా?"

"నేనెందుకు అడగాలె? నువ్వు గదా అడగాల్సింది!"

అంటాల్యాలో ఓడ ఆగినప్పుడు ఒక జాలరి దగ్గర ఆమె భర్త ఆ బిళ్ళ తీసుకున్నాడట. పాతవి దొరికితే సర్కారు పని ఆపుతుందని ఆమె పేపర్లో చదివింది. మట్టి పూసి మహబూబ్ చేతిలో పెట్టి, దొరికిందని చెప్పమంది. దాని మీద ఏముందో ఆమెకూ తెలియదు.

నేను చెప్పాను. నావికుల పొలాల సంగతి వచ్చేసరికి ఆమె ముందుకు వంగింది. ఆ పొలాలను పెద్ద భూస్వాములు కొనేస్తున్నారని పదో శతాబ్దంలో ఒక చక్రవర్తి వాటిని అమ్మకూడదని చట్టం చేశాడు.

"మరి ఆగిందా?"

"ఆగలేదు. కొనేవాళ్లు కొంటూనే పోయారు. ఆ తర్వాతి కాలంలో ఓడలు తగ్గిపోయాయి. చివరికి ఆ సామ్రాజ్యం ఇటలీలోని వెనిస్ వాళ్ల ఓడల మీద ఆధారపడాల్సి వచ్చింది."

జంగారెడ్డి చొక్కా తొడుక్కుని జీపులో నాతో స్టేషన్‌కు వచ్చాడు. నిధి ఏదీ లేదని నేను, ఫిర్యాదు లేదని అతను చెప్పాక మహబూబ్‌ను వదిలేశారు.

దారిలో మహబూబ్‌ను అడిగాను, ముందే ఎందుకు చెప్పలేదని.

"పోలీసోల్లు కొడితే నాల్గు దినాల్ల మానుతది మేడం. అనసూయమ్మ పేరు నేను జెప్తే ఆమెకు పుట్టినిల్లు మల్ల దొరుకుతదా?"

ముందు సీట్లో ఉన్న జంగారెడ్డి వెనక్కి తిరగలేదు.

ఆ ఏడాదే చెలక అమ్ముడుపోయింది. అనసూయ తన వాటా డబ్బుగా తీసుకోలేదు, బావి ఉన్న ముక్క ఉంచుకుంది. ప్లాట్ల రాళ్ల మధ్య మహబూబ్ ఇంకొన్నేళ్లు అక్కడ టమాటా, పాలకూర పండించాడు. ముద్రను ఆమె మా విభాగానికే ఇచ్చేసింది.

వస్తువును అనుమానించడం నాకు పెద్దవాళ్లు నేర్పిన విద్య. ఇసుక, నైలాన్ పోగు చూసి ఆ ముద్ర ఎక్కడిదో తేల్చాను. అది మట్టిలోకి ఎందుకు వచ్చిందో మాత్రం ఏ భూతద్దమూ చూపించలేదు. ఆ తర్వాత రిటైరయ్యేదాకా, మా పొలంలో ఏదో దొరికిందని ఎవరు ఫోన్ చేసినా నేను మొదట అడిగిన ప్రశ్న ఒకటే: "ఆ పొలం ఇప్పుడు ఎవరు అమ్ముతున్నారు, ఎవరిని అడక్కుండా?"