సొంత చేత్తో వేసిన తీగ

పనులు నేర్పే బడిలో వైరింగు పాఠాలు చెప్పే ఆయన్ని అందరూ మీటరు మాస్టారనే పిలిచేవారు. జేబులో కలం లేని రోజైనా ఉండేదేమో గాని, కరెంటు కొలిచే ఆ చిన్న పెట్టె లేని రోజు లేదు. ఎవరింట్లో మోటారు మొరాయించినా, మెట్ల మీద దీపం వెలగకపోయినా ఆయనకే కబురు వెళ్లేది. వచ్చి, మీటరు ఆనించి, తప్పు ఎక్కడుందో చూపించేవాడు. అంతటితో ఊరుకోకుండా ఆ తప్పు చేసినవాడి తెలివి ఎంతో కూడా చెప్పేవాడు. మనిషి చెడ్డవాడు కాదు. తనకు తెలిసినంత ఎదుటివాళ్లకు తెలియదన్న నమ్మకం మాత్రం గట్టిగా ఉండేది.

యాభై రెండో ఏట మొదటిసారి కారు కొన్నాడు. పాతదే, పన్నెండేళ్లు ఒకే చేతిలో నడిచిన తెల్ల కారు. దాన్ని నడిపినాయన పోయి ఏడాదైంది. ఆయన భార్య రెండు వీధుల అవతల కుట్టుపని దుకాణం నడుపుతోంది. బండి తీసుకోవడానికి మాస్టారు తన భార్యతో కలిసి వెళ్లిన రోజు దుకాణం ఆవిడ కారు చుట్టూ తిరిగి అన్నీ చూపించబోయింది.

"మాస్టారూ, ఇంజను కింద నీళ్ల గొట్టం దగ్గర కాస్త చెమ్మ తేలుతుంటుంది. మా ఆయన ప్రతి ఆదివారం మూత తీసి నీళ్లు చూసుకునేవారు. మీరు కూడా..."

"అమ్మా, ముప్పయ్యేళ్లుగా నా పనే ఇది. నాకు చెప్పాలా మీరు?" అని నవ్వేశాడు.

ఆవిడ కూడా చిన్నగా నవ్వి, తాళంచెవి ఆయన చేతిలో పెట్టింది. కారు పైకప్పు మీద ఒక్క క్షణం అరచెయ్యి ఆనించి లోపలికి వెళ్లిపోయింది.

ఇంటికొచ్చిన మర్నాడే మాస్టారు బండిలో పాటలపెట్టె బిగించాడు. పాత వైర్లు వెతుక్కునే ఓపిక లేక, బ్యాటరీ నుంచి నేరుగా ఒక ఎర్ర తీగ లాగి ఇచ్చేశాడు. పెట్టె ఘనంగా మోగింది. ఇరుగుపొరుగు వచ్చి విని మెచ్చుకున్నారు.

నాలుగో రోజు పొద్దున తాళం తిప్పితే బండి టిక్కుమని ఊరుకుంది. బ్యాటరీ ముసలిదై ఉంటుందనుకుని కొత్తది వేయించాడు. అదీ మూడో రోజుకు చతికిలబడింది. బ్యాటరీకి కరెంటు నింపే డైనమో విప్పి బ్రష్షులు మార్చాడు. ఇంజనుకు వెళ్లే ఎర్తు పట్టీ గీకి శుభ్రం చేశాడు. ఒక రోజు లేచేది, రెండు రోజులు లేచేది కాదు. బడికి వెళ్లే వేళకు కారు తోయమని ఎదురింటాయన్ని పిలవడం అలవాటైంది.

"ఏమంటోంది మాస్టారూ మీ మీటరు?" అని ఆయన ఒకరోజు అడిగాడు. వేళాకోళానికే అడిగాడు గాని, ఆ మాట మాస్టారుకు ఎక్కడో గుచ్చుకుంది.

ఆ వారమే వదినగారు, అంటే భార్య అక్క, ఊరికి ప్రయాణమైంది. రైలుకు తానే దింపుతానని మాస్టారు పట్టుబట్టి, భార్యను కూడా ఎక్కించుకుని బయల్దేరాడు. స్టేషను ఇంకా సగం దూరముందనగా బానెట్ సందుల్లోంచి ఆవిరి బుసబుసమని లేచింది. వెనక బళ్లు హారన్లు కొడుతున్నాయి. మాస్టారు రోడ్డు మధ్య దిగి నిలబడ్డాడు.

"మరిదిగారూ, మీరేం అనుకోకండి, నేను బస్సెక్కి వెళ్తాను" అంది వదినగారు, సంచీ తీసుకుంటూ. బస్సు దొరికింది గాని రైలు దొరకలేదని తర్వాత తెలిసింది.

భార్యను ఇంటికి పంపి, కారు అక్కడే వదిలి, మాస్టారు నడుచుకుంటూ సరాసరి కుట్టుపని దుకాణానికి వెళ్లాడు. మధ్యాహ్నం వేళ. ఏడుగురు ఆడవాళ్లు ఉన్నారు. నర్సుల యూనిఫారాలకు బట్ట నమూనాలు పట్టుకుని ఆసుపత్రి పెద్ద నర్సు బల్ల ముందు కూర్చుని ఉంది.

"చచ్చిన బండిని తుడిచి నాకు అంటగట్టారు. ఆయన పోయాడు పాపమని మారుమాట లేకుండా తీసుకున్నాను. ఆ జాలినే అమ్ముకుంటున్నారా మీరు?" అన్నాడు గుమ్మంలోనే నిలబడి.

మిషను ఆగింది. ఆవిడ మెడలో కొలతల టేపు సరిచేసుకుంది.

"నేను చెప్పాను మాస్టారూ."

"ఏం చెప్పారు? బండి గురించి మీకేం తెలుసని చెబుతారు?"

పెద్ద నర్సు నమూనాలు మడిచి సంచీలో పెట్టుకుని, మళ్లీ వస్తానని లేచింది. అది మాస్టారు చూశాడు. చూసి, తనకు కాస్త సంతోషం కలిగిన సంగతి తర్వాత ఎన్నో రోజులు ఆయన మరిచిపోలేకపోయాడు.

కారును షెడ్డుకు లాగించాక అక్కడి ముసలి మెకానిక్ గొట్టం కోసి బయటికి తీశాడు. "ఇది ఇవాళ పుట్టిన జబ్బు కాదు సార్. ఇదిగో, ఒక క్లిప్పు వదులైతే పక్కనే రెండోది వేశారు. ఎవరో దీన్ని కంటికి రెప్పలా చూసుకున్నారు. నీళ్లు పోస్తూ ఉంటే ఇంకో ఏడాది లాగేది. అమ్మినవాళ్లు చెప్పలేదా?"

"లేదు" అన్నాడు మాస్టారు.

ఇంట్లో మాత్రం ఆ అబద్ధం చెల్లలేదు. "ఆవిడ చెప్పింది. నేను మీ పక్కనే ఉన్నాను" అంది భార్య. గొంతు పెంచలేదు.

"సరే, నీళ్ల సంగతి వదిలెయ్. బ్యాటరీ మాటేమిటి? అది దాచడం కాదా?"

ఆదివారం పొద్దున అది తేల్చేయాలని కూర్చున్నాడు. బ్యాటరీ ఒక కొస ఊడదీసి, మధ్యలో మీటరు తగిలించి భార్య చేతికిచ్చాడు. బండి ఆగి ఉండగా కరెంటు ఎంత పోతోందో అందులో కనపడుతుంది. ఫ్యూజులు ఒక్కొక్కటే పీకుతాననీ, ఏది పీకినప్పుడు అంకె పడిపోతే తప్పు ఆ దారిలో ఉన్నట్టనీ చెప్పాడు.

"అర యాంపియరు దాటింది" అంది భార్య.

దీపాల ఫ్యూజు పీకాడు. హారను, వైపరు, ఫ్యాను. అంకె కదలలేదు. ఆఖరి ఫ్యూజు కూడా పీకాడు.

"అలాగే ఉందండీ." ఆవిడ వంగి చూసింది. "మరి ఈ ఎర్ర తీగ ఏమిటి?"

"అది నేను వేసింది."

"దాన్ని చూడలేదా?"

ఆవిడ ఎత్తిపొడవలేదు, తెలియకే అడిగింది. మాస్టారు చెయ్యి చాచి ఆ తీగ లాగేశాడు.

"సున్నా పాయింటు సున్నా రెండు" అని చదివింది భార్య.

తాళం తీసేసినా ఆ నేరు తీగలో కరెంటు ఆగక పాటలపెట్టె రాత్రింబవళ్లు మేలుకునే ఉంది. బ్యాటరీ నుంచి నేరుగా తీగ లాగొద్దని ఆయన మొదటేడు పిల్లలకు చెప్పే పాఠమే అది. అలా లాగిన ఒక పిల్లవాణ్ణి క్లాసంతా నవ్వేలా నిలబెట్టడం కూడా గుర్తొచ్చింది.

ఆ తర్వాత పదకొండు రోజులు ఆయన కుట్టుపని దుకాణం వీధి మొహం చూడలేదు. బడికి చుట్టు తిరిగి వెళ్లాడు. ఒకరోజు కూరల కొట్టు దగ్గర ఆవిడ కనపడితే, ఊడని చెప్పు సర్దుకుంటూ వంగి ఉండిపోయాడు. నువ్వు వెళ్లి ఒక మాట చెప్పి రారాదా అని భార్యను అడిగాడు.

"అన్నది మీరు. నేనెందుకు?" అంది భార్య.

పన్నెండో రోజు దుకాణం తెరిచే వేళకు, ఎవరూ లేకుండా చూసుకుని వెళ్లాడు. జరిగిందంతా చెప్పాడు. ఆవిడ మిషను మీది గుడ్డ తీసి మడత పెడుతూ విన్నది.

"ఆ రోజు ఇక్కడ ఏడుగురున్నారు మాస్టారూ. ఇవాళ నేనొక్కదాన్నే. బండిలో మోసం లేదని నాకు చెప్పడానికైతే ఇంత దూరం రానక్కర్లేదు. అది నాకు ముందే తెలుసు."

మాస్టారు అటునుంచి అటే ఆసుపత్రికి వెళ్లి, పెద్ద నర్సు కోసం గంటన్నర బెంచీ మీద కూర్చున్నాడు. ఆమె అంతా విని, "ఈ ఏడాదికి బట్టలు ఇంకోచోట ఇచ్చేశాం. కోత కూడా అయిపోయింది" అంది. ఇక చేయగలిగింది లేదు.

శనివారం మధ్యాహ్నం దుకాణం నిండుగా ఉన్నప్పుడు మళ్లీ వెళ్లాడు. "ఆ రోజు ఈమెను నేనన్న మాటలు తప్పు. బండి మంచిదే. పాడుచేసింది నేను" అన్నాడు.

"ఏ బండి?" అని అడిగింది, ఆ రోజు లేని ఒకామె.

దాంతో కథంతా మొదటినుంచీ చెప్పుకోవలసి వచ్చింది. గొట్టం, ఎర్ర తీగ, పాటలపెట్టె, అన్నీ. పాటలపెట్టె దగ్గర ఒకరిద్దరికి నవ్వాగలేదు. మాస్టారు తల వంచుకుని చివరిదాకా చెప్పాడు. ఆవిడ కుడుతూనే ఉంది.

"కాస్త పక్కకు జరగండి మాస్టారూ, వెలుతురుకు అడ్డొస్తున్నారు" అంది చివరికి.

ఆయన పక్కకు జరిగాడు. ఆవిడ వెళ్లమనలేదు, కూర్చోమనలేదు.

మరుసటి ఏడాది ఆసుపత్రి బట్టలు మళ్లీ ఆవిడ దుకాణానికే వచ్చాయి. ఆయన చెప్పుకున్న మాట వల్లో, ఆవిడ చేతి కుట్టు వల్లో మాస్టారు ఎవరినీ అడగలేదు. ఇప్పుడు దారిలో ఎదురైతే ఆవిడ తలూపి పలకరిస్తుంది. ముందుగా చూపు దించుకునేది ఆయనే.