లోపలికి దూకిన పిల్ల

బస్సు కండక్టరుగా రిటైరయ్యాక ఆయనకు పొద్దుపోవడం గగనమైంది. ఒకనాడు కరెంటు బిల్లు కట్టడానికి క్యూలో నిలబడి, ఆ పాత ఆఫీసులో గదుల తలుపులన్నిటికీ గడియలు బయటివైపే ఉండటం గమనించాడు. గుమాస్తాను అడిగితే, "ఇది ఒకప్పుడు ఆడపిల్లల్ని దారిలో పెట్టే బడి అటండీ. మొండిఘటాలన్నిటినీ తెచ్చి ఇక్కడ పడేసేవాళ్ళట," అన్నాడు.

అంతే, ఆ బడి చరిత్ర రాయాలనే పురుగు కండక్టరు బుర్రలో దూరింది. ఊరంతా కాళ్ళరిగేలా తిరిగాడు. బడి సంగతి అందరికీ తెలుసు. అందులో ఉన్నవాళ్ళు మాత్రం ఏ ఇంట్లోనూ లేరు. రిటైరైన హెడ్మాస్టరయితే మొహం చిట్లించి, "వాళ్ళంతా ఎక్కడెక్కడివాళ్ళో! మన వీధిలో అలాంటివాళ్ళు ఎందుకుంటారయ్యా?" అని తలుపేసుకున్నాడు.

చేసేదిలేక కండక్టరు సొంత ఊహలతోనే రాసి, భోజనాల దగ్గర గొంతు సవరించుకుని చదివాడు: "ఆ అభాగినులు చీకటి గదుల్లో కన్నీరుమున్నీరవుతూ..."

"ఎవరండీ ఏడ్చింది?" అంది అత్తగారు, నోటి దాకా వచ్చిన ముద్ద ఆపి. "అంత తీరిక ఎక్కడిది అల్లుడుగారూ? గోడ ఎలా దూకాలా అన్న ఆలోచనతోనే సరిపోయేది."

ఆయన భార్య గ్లాసు టక్కున కింద పెట్టింది. "అమ్మా! హాస్టల్లో ఉండి చదువుకున్నానన్నావు కదే!"

"హాస్టలేనే. తాళం బయట వేసేవాళ్ళు, అంతే తేడా."

చిన్నప్పుడు మారుతండ్రి కొట్టబోతే ఆవిడ గరిటెతో నెత్తిన ఒక్కటిచ్చిందట. ఆయనకు బొప్పి కట్టింది, ఆవిడకు బడి దొరికింది.

మర్నాడు ఆవిడే అల్లుణ్ణి కరెంటాఫీసుకు లాక్కెళ్ళింది. "కాస్త జరుగు నాయనా, నా మంచం ఇక్కడే ఉండేది," అని గుమాస్తాను కుర్చీతో సహా పక్కకు నెట్టింది. తర్వాత పెరటి గోడ చూపించింది.

"రెండుసార్లు దూకి దొరికిపోయాను. మూడోసారి రోడ్డు దాకా వెళ్ళాను. నా పక్క మంచం పిల్లకి ఒక కాలు కుంటి. అది గోడెక్కలేదు. లోపల ఒక్కతే ఏం చేస్తుందోనని మళ్ళీ ఇటు దూకాను."

"మరి కాపలావాడు పట్టుకోలేదా, అత్తయ్యగారూ?"

"పట్టుకున్నాడు. బయటికి దూకితే ఏం శిక్షో తెలుసు గానీ, లోపలికి దూకితే ఏం శిక్షో పాపం ఆయనకి తెలీదు. బుర్ర గోక్కుని, 'పోయి పడుకో తల్లీ' అన్నాడు."

కండక్టరుకు నవ్వొచ్చింది. ఇంటికెళ్ళి అభాగినులందరినీ కొట్టేసి, మళ్ళీ మొదటినుంచి రాశాడు.

గ్రంథాలయం హాల్లో దాన్ని చదివిన రోజు హెడ్మాస్టరు లేచి నిలబడ్డాడు. "అంత గోడ ఒక ఆడపిల్ల దూకడమేమిటండీ! ఇదంతా కట్టుకథ."

"కూర్చోరా తమ్ముడూ," అంది పక్కనే ఉన్న ఆయన పెద్దక్క. "నేను పారిపోయాకే ఆ గోడ అంత ఎత్తు లేపారు."

హెడ్మాస్టరు చటుక్కున కూర్చుండిపోయాడు. అత్తగారు మాత్రం ముందు వరసలోంచి గిర్రున తిరిగింది.

"నువ్వు పారిపోయాకా? ఇంకా నయం! ఆ గోడ లేపింది నా మూలాన!"

ఇద్దరూ వాదించుకుంటూనే బయట అరుగు మీదికి వెళ్ళి కూర్చున్నారు. హాల్లో జనమంతా వాళ్ళ వెనకాలే వెళ్ళారు. చదవాల్సిన కాగితాలు ఇంకా సగం చేతిలోనే ఉన్నా, కండక్టరు కూడా చెప్పులు వేసుకుని చోటు కోసం పరుగెత్తాడు.