బాపు చెప్పిన హాస్టల్

నేను యూనివర్సిటీలో చేరిన ఏడాది మా క్లాసువాళ్ళం ఎవరమూ పన్నెండో తరగతి పరీక్ష రాయలేదు. కరోనా వల్ల పరీక్షలు రద్దుచేసి అందరినీ పాస్ చేశారు. అమ్మకు అది నచ్చలేదు. "రాసి పాసైతే గదో తీరు. గిదేం పాసు?" అంది. కానీ సీటు వచ్చిందని తెలిసిన రోజున సేమ్యా పాయసం చేసి, మా వరసలో ఉన్న ఇళ్ళన్నిటికీ గిన్నెలతో పంపింది.

మాది సూరత్‌లో లింబాయత్ వైపు. నాన్నను మేము బాపు అంటాం. బాపు పెళ్ళికి ముందే సిరిసిల్ల దగ్గరి పల్లె నుంచి వచ్చి సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, పనికి కుదిరాడు. సాంచెలు నడిచే కార్ఖానాను ఇక్కడ ఖాతా అంటారు. ఖాతాలో బాపుది ఎప్పుడూ రాత్రి షిఫ్టే. మాకున్నది ఒక్క గది. పగలంతా బాపు అందులో ఒక గోడవైపు తిరిగి నిద్రపోయేవాడు. ఇంకో గోడకు ఆనుకుని అమ్మ చీరలకు లేసు కుట్టేది. వాళ్ళిద్దరి మధ్య మిగిలిన చోటు తమ్ముడిది. ఆన్‌లైన్ క్లాసులు మొదలయ్యాక నేను ఫోన్ పట్టుకుని బయట మెట్ల మీదికి చేరాను. ఎక్కేవాళ్ళకూ దిగేవాళ్ళకూ మోకాళ్ళు పక్కకు జరిపి దారి ఇస్తూ అక్కడే అకౌంటెన్సీ విన్నాను. సార్ ఏదైనా అడిగితే ఫోన్‌కు చెయ్యి అడ్డం పెట్టి గొంతు తగ్గించి జవాబు చెప్పేదాన్ని. "గట్టిగా మాట్లాడమ్మా" అని ఆయన రోజూ అనేవాడు.

యూనివర్సిటీ ఆల్థాన్ దాటాక ఉంటుంది. మా ఇంటి నుంచి రెండు బస్సులు మారాలి. మామూలుగా ఊళ్ళో ఇల్లున్నవాళ్ళకు హాస్టల్ ఇవ్వరు. ఆ ఏడాది మాత్రం బయటి ఊళ్ళ పిల్లలు చాలామంది రాలేదు. గదులు ఖాళీగా ఉన్నాయి, గదికి ఒక్కరినే ఉంచుతాం, ఊళ్ళోవాళ్ళూ అడగవచ్చు అని నోటీసు పెట్టారు. దాన్ని నేను ఒకటికి రెండుసార్లు చదువుకుని, అన్నాల దగ్గర మెల్లగా చెప్పాను.

"ఊర్లె ఇల్లు వెట్టుకొని హాస్టల్ల ఉంటవా? నలుగురు ఏమనుకుంటరే?" అంది అమ్మ.

"సదువుకుంటున్నదనుకుంటరు," అన్నాడు బాపు. అన్నం కలపడం ఆపకుండానే అన్నాడు. ఆ ఒక్క మాటతో సగం పని అయిపోయింది.

మిగిలిన సగం, ఏ హాస్టల్ అన్నది. ఆడపిల్లలకు మూడు ఉన్నాయి. మెయిన్ గేటు పక్కనే పాతది ఒకటి. లైబ్రరీ వెనక కొత్తగా కట్టింది ఒకటి, గచ్చు అద్దంలా మెరుస్తుందని పేరు. మూడోది గ్రౌండ్ అవతల, అన్నిటికంటే దూరంగా. దాన్ని ఎవరూ దాని పేరుతో పిలవడం లేదు. అందరికీ అది కోవిడ్ హాస్టల్. రెండో అల వచ్చినప్పుడు మున్సిపాలిటీ దాన్ని తీసుకుని, జబ్బు పెద్దగా ముదరనివాళ్ళను అందులో ఉంచింది.

నాకు ట్యూషన్‌లో పరిచయమైన స్నేహితురాలు ఒకతి ఉండేది. ఇల్లు కతర్‌గామ్‌లో, వాళ్ళ నాన్న వజ్రాలు సానబట్టే పనిలో ఉండేవాడు. ఆమెకూ ఇదే యూనివర్సిటీలో సీటు వచ్చింది. మేమిద్దరం గుజరాతీ, హిందీ కలిపి మాట్లాడుకునేవాళ్ళం. "ఫారంలో కొత్త హాస్టల్ పెట్టు. పక్కపక్క గదులు తీసుకుందాం," అని తను ముందే తేల్చేసింది. నేనూ సరే అన్నాను. చివరి తేదీకి ఇంకా వారం ఉంది.

ఇంట్లో ఆ మూడింటి సంగతీ చెబుతూ కోవిడ్ హాస్టల్ అనగానే అన్నం కలుపుతున్న బాపు చెయ్యి ఆగింది.

"గ్రౌండ్ ఎనుక ఉన్నదేనా? పచ్చ గేటుది?"

"ఆ, బాపు."

"నేనున్నది గండ్లనే గద బిడ్డా."

ఆయన ఏప్రిల్‌లో జ్వరంతో వెళ్ళిన చోటు యూనివర్సిటీలోనిదని నాకు తెలుసు గానీ, ఏ భవనమో తెలియదు. ఒకే గదిలో నలుగురం ఉండేవాళ్ళం కాబట్టి ఆయన్ను ఇంట్లో వేరుగా ఉంచడానికి లేకపోయింది. వ్యాను వచ్చి తీసుకెళ్ళింది. తిండి అక్కడే పెట్టేవారు. అయినా అమ్మ రోజూ డబ్బాలో రొట్టె, ఏదో ఒక కూర పట్టుకుని, దొరికిన ఆటో ఎక్కి వెళ్ళేది. డబ్బా గేటు దగ్గరే తీసుకునేవారు. అమ్మ కొంతసేపు రోడ్డు మీద నిలబడి పైకి చూసి వచ్చేసేది.

"ఏదో ఒగ కిటికిల నుంచి చెయ్యి ఊపుతరు. అందరికి మాస్కులాయె. ఎవరి చెయ్యో ఏమెర్క?" అనేది ఇంటికి వచ్చాక.

ఇప్పుడు అదే హాస్టల్ మాట వచ్చేసరికి అమ్మ మొహం మాడ్చుకుంది. "గా గేటు మళ్ల సూడద్దనుకున్న. గండ్ల బిడ్డనుంచుతనా? జరమొచ్చినోళ్ళు పండిన మంచాలు."

"మంచిగుంటదే," అన్నాడు బాపు. "గాలి మస్తొస్తది. సప్పుడుండది. నేను గక్కడికి పోయిన దినం ఇంకా సాంచెల సప్పుడు చెవులల్లనే ఉండె. మర్నాడు మెల్లగ పోయింది. రాత్రిపూట పండుకునుడు ఎట్లుంటదో మర్సిపోయిన నేను. గక్కడనే యాదికొచ్చింది."

జబ్బు పడి వెళ్ళిన మనిషి ఆ చోటు గురించి అంత ఇష్టంగా మాట్లాడటం విని నేనూ తమ్ముడూ నవ్వాము. అమ్మ నవ్వలేదు. చివరికి మూడింటినీ కళ్ళతో చూసి నిర్ణయిద్దాం అనుకున్నాం. బాపుకు ఖాతా సెలవు ఉన్న రోజున ముగ్గురం బయల్దేరాం.

పాత హాస్టల్ అమ్మకు నచ్చింది, గేటు దగ్గరుందని. రోడ్డు మీది లారీల హారన్లు లోపలికి బాగా వినిపించాయి. కొత్త హాస్టల్ గచ్చు నిజంగానే మెరుస్తోంది. స్నానాల గదిలో వేడినీళ్ళు వచ్చే పెట్టెలు ఉన్నాయి. నాకు చూపించిన గది కిటికీ తెరిస్తే చెయ్యి చాపేంత దూరంలో ఇంకో భవనం గోడ. ఆ గోడ నాకు అప్పుడు లోపంగా తోచలేదు. స్నేహితురాలి పక్క గది దొరుకుతుంది, అదే చాలు అనుకున్నాను. "ఇది పెట్టేస్తా," అని అమ్మతో అన్నాను కూడా.

"గదొక్కటి సుత సూసిపోదాం బిడ్డా," అన్నాడు బాపు.

పచ్చ గేటు దగ్గర రెక్టర్ బెన్ ఎదురొచ్చింది. ఇక్కడ హాస్టల్ చూసుకునే ఆమెను రెక్టర్ అంటారు, బెన్ అంటే అక్క. నలభై దాటిన మనిషి, నూలు చీర, చేతిలో శానిటైజర్ సీసా. ముగ్గురి చేతుల్లోనూ పోసి, మగవాళ్ళకు లోపలికి ప్రవేశం లేదని బాపుతో మర్యాదగా చెప్పింది.

"బెన్, నేను ఇందులో ఉండి వెళ్ళినవాణ్ణే," అన్నాడు బాపు తన హిందీలో.

ఆడపిల్లల హాస్టల్‌లో ఉండి వెళ్ళానంటున్న ఈ మనిషి ఎవరా అని ఆమె తలెత్తి చూసింది. "ఎప్పుడు?"

"ఏప్రిల్‌లో. జ్వరమొచ్చినప్పుడు."

ఆమెకు అర్థమై నవ్వేసింది. "అప్పుడు ఇది మీది, కాకా. ఇప్పుడు అమ్మాయిలది. మీరు ఇక్కడే కూర్చోండి," అని వాచ్‌మన్‌తో కుర్చీ వేయించింది. బాపు ఏమీ అనుకోలేదు. కుర్చీలో కూర్చోకుండా మాకు దారి చెప్పాడు. "మూడో అంతస్తు. ఎడమ దిక్కు సీదా పోతే మూల మీది అర్ర. తలుపు జర పైకెత్తి నెట్టుండ్రి, లేకపోతె రాదు."

మెట్లన్నీ ఫినాయిల్ వాసన, కొత్త సున్నం వాసన. తాళం తీసి రెక్టర్ బెన్ తలుపు తోస్తే అది కదల్లేదు. అమ్మ ముందుకొచ్చి కొంచెం పైకెత్తి నెట్టింది. తెరుచుకుంది. రెక్టర్ బెన్ అమ్మ వైపు ఆశ్చర్యంగా చూసింది.

లోపల ఇనప మంచం, ఇంకా ప్లాస్టిక్ కవరు తీయని కొత్త పరుపు, బల్ల, కుర్చీ, గోడలో అలమర. అమ్మ గది మధ్యలో నిలబడి దేన్నీ తాకకుండా చుట్టూ చూసింది. ఇంతలో నా ఫోన్ మోగింది. బాపు.

"పోయిండ్రా? కిటికి తెరువుండ్రి," అన్నాడు. ఫోన్ స్పీకర్‌లో పెట్టాను.

అమ్మే తెరిచింది. గ్రౌండ్ మీదినుంచి గాలి ఒక్కసారిగా వచ్చి ఆమె కొంగు ఎగిరింది. కింద గేటు, గేటు పక్కన చెట్టు, చెట్టు కింద బాపు. ఆయన చెయ్యి ఎత్తి ఊపాడు. అమ్మ ఊచలు పట్టుకుని చాలాసేపు అలాగే చూసింది.

"గన్ని దినాలు గా చెయ్యి నీదేనా?" అంది ఫోన్‌లోకి.

"మరి ఎవలదనుకున్నవే?"

"నేను గట్లనే కనవడ్డనా, గా చెట్టు కింద నిలవడితె?"

"కనవడ్డవ్. ఒగనాడు ఎర్రచీర కట్టుకొచ్చినవ్. డబ్బ వానికిచ్చినంక చెట్టుకు ఆనుకొని కొంగుతోటి మొకం తుడ్సుకున్నవ్. నేను పిలిస్తె నీకు ఇనవడలే."

అమ్మ వెనక్కి వచ్చి మంచం మీద కూర్చుంది. ప్లాస్టిక్ చప్పుడు చేసింది. కాసేపటికి తేరుకుని, రెక్టర్ బెన్‌ను అడగమని నాకు ఒకదాని తర్వాత ఒకటి ప్రశ్నలు అందించింది. నీళ్ళు మూడో అంతస్తుకు ఎక్కుతాయా? రాత్రి గేటు ఎవరు వేస్తారు? ఒంట్లో బాగాలేకపోతే ఎవరికి చెప్పాలి? చివరికి అసలు ప్రశ్న. ఇక్కడ ఎవరైనా పోయారా? నేను దాన్ని అడగడానికి తటపటాయించాను. రెక్టర్ బెన్ అమ్మ మొహం చూసే గ్రహించినట్టుంది. జబ్బు ఎక్కువైన వాళ్ళను వెంటనే పెద్దాసుపత్రికి పంపేవారనీ, ఇక్కడి నుంచి ఇంటికి వెళ్ళినవాళ్ళు వెళ్ళేముందు తనకు ఫోన్ చేసి, గది శుభ్రంగా ఉంచామని చెప్పేవారనీ అంది. పరుపులన్నీ మార్చామని ఆ ప్లాస్టిక్‌ను తట్టి చూపించింది.

అమ్మ నా వైపు తిరిగి, "నీ ఇష్టం బిడ్డా," అంది. పొద్దుట్నుంచీ ఆమె నోట ఆ మాట రాలేదు.

నేను కుర్చీలో కూర్చుని చూశాను. అప్పటివరకు నా మనసు కొత్త హాస్టల్ మీదే ఉంది. కానీ ఆ కుర్చీలో కూర్చున్నాక, పక్కనుంచి ఎవరూ నడవని చోట నేను కూర్చుని ఎన్నాళ్ళయిందో అనిపించింది. చేతిలో పుస్తకం లేకపోయినా, ఇక్కడ పైకి చదువుకోవచ్చు అనుకున్నాను. ఆ సాయంత్రమే ఫోన్‌లో ఫారం నింపి మొదటి కోరికగా కోవిడ్ హాస్టల్ పెట్టాను. పోటీ ఏమీ లేదు గనుక ఆ మూల గదే ఇచ్చారు.

స్నేహితురాలికి కోపం వచ్చింది. మెసేజ్ చూసి కూడా జవాబు ఇవ్వలేదు. తర్వాత ఫోన్ చేసి, "జబ్బువాళ్ళ గది నా పక్క గది కంటే ఎక్కువైందా?" అంది. మా బాపు ఉన్న గది అని చెప్పాను. "అయితే మరి ముందే చెప్పొచ్చుగా," అంది. గొంతు మెత్తబడింది గానీ, కొన్నాళ్ళు ముభావంగానే ఉంది.

నేను చేరినప్పుడు మా అంతస్తులో ఉన్నది పిడికెడు మందిమి. మొదటి రోజుల్లో తలుపు గడియ వేసుకోవాలా వద్దా అని కూడా తెలిసేది కాదు. ఎందుకంటే అంతవరకు నేను ఏ తలుపూ నా కోసమని వేసుకున్నదాన్ని కాదు. గాలికి కాగితాలు ఎగిరిపోతున్నాయని చెబితే అమ్మ కుట్టగా మిగిలిన గుడ్డతో పరదా కుట్టి, అంచుకు లేసు కూడా వేసి పంపింది. రెక్టర్ బెన్ అది చూసి తన గదికీ ఒకటి కావాలంది. అమ్మ ఆ పని ఎంతో శ్రద్ధగా చేసింది. ఆ తర్వాత వాళ్ళిద్దరికీ ఫోన్ మాటలు మొదలయ్యాయి. ఒకరి భాష ఒకరికి సగమే తెలుసు. ఏం మాట్లాడుకునేవారో నాకు ఇప్పటికీ పూర్తిగా తెలియదు.

చలికాలంలో మూడో అల వచ్చి క్లాసులు మళ్ళీ ఆన్‌లైన్ అయ్యాయి. చాలామంది ఇళ్ళకు వెళ్ళారు. అడిగితే నన్ను ఉండనిచ్చారు. బల్ల ముందు కూర్చుని, పరదా పక్కకు తీసి, పాఠాలు విన్నాను. ఒకరోజు మేడమ్ పేరు పెట్టి పిలిచి లెక్క అడిగితే, ఫోన్‌కు చెయ్యి అడ్డం పెట్టకుండా మొత్తం చెప్పేశాను. నా గొంతు గదిలో అంత పెద్దగా వినిపించి నేనే కాస్త తడబడ్డాను. "బాగుంది, కూర్చో," అంది ఆమె అలవాటుగా. నేను కూర్చునే ఉన్నాను.

ఎండలు మొదలయ్యేసరికి స్నేహితురాలు మధ్యాహ్నాలు నా గదికి రావడం మొదలుపెట్టింది. కొత్త హాస్టల్‌లోని తన గదిలో ఎదుటి గోడ వేడికి గాలి ఆడటం లేదని ఒప్పుకోలేదు, లెక్కలు అడగడానికి వచ్చానంది. ఖాఖరాల, అంటే కరకరలాడే పల్చటి రొట్టెల, డబ్బా తెచ్చుకుని మంచం మీద పడుకుని నిద్రపోయేది. లేచాక ఒక లెక్క అడిగేది. రెండో ఏడు గదికి ఇద్దరిని ఉంచవచ్చన్నారు. అప్పుడు తన పెట్టె, బకెట్టు పట్టుకుని తనంతట తనే వచ్చేసింది. ఇంకో మంచం వేశాక నడవడానికి చోటు తగ్గింది. అయినా ఇబ్బంది అనిపించలేదు. ఎవరి బట్టలు ఏ తాడు మీద అన్న దాని మీద తప్ప మేము పోట్లాడుకోలేదు.

ఆదివారాలు ఇంటికి వెళ్ళి సాయంత్రం తిరిగొచ్చేదాన్ని. ఆల్థాన్ దగ్గర బస్సు దిగి గ్రౌండ్ మీదుగా అడ్డంగా నడిస్తే మెస్‌లో కఢీకి, అంటే వాళ్ళ మజ్జిగ పులుసుకు, పోపు వేసిన వాసన సగం దారిలోనే తగిలేది. చెయ్యి కడుక్కుని లోపలికి వెళ్ళేసరికి స్నేహితురాలు నాకు ఖిచిడీ వడ్డించి, పైన ఇంకో పళ్ళెం మూత పెట్టి ఉంచేది. "ఏం తెచ్చావు?" అని ముందు సంచీ చూసేది. అమ్మ చేసిన సకినాలు బయటికి తీసేదాన్ని. వాటిని కఢీలో ముంచుకుని తినకూడదని ఎన్నిసార్లు చెప్పినా తను వినేది కాదు. తర్వాత్తర్వాత నేనూ అలాగే తినడం మొదలుపెట్టాను.