ఇంగువ మజ్జిగ

2023 వేసవి. తమిళనాడు విరుదునగర్‌లో ఒక చిన్న ప్రైవేటు ఆసుపత్రిలో నేను డైటీషియన్‌ని. ఏ రోగి ఏం తినాలో, ఏం తినకూడదో చెప్పడం నా పని. ఉండేది కోవిల్‌పట్టిలో, రోజూ బస్సులో వచ్చి పోతాను. నా ముందు బుద్ధిగా తలూపి, వీధి చివర పరోటా తిని బస్సెక్కేవాళ్ళను చూసీ చూసీ నాకు కోపం రావడం ఎప్పుడో మానేసింది. రామలక్ష్మి సంగతిలో మాత్రం వచ్చింది, ఇంకా పోలేదు.

రామలక్ష్మిది విళాత్తికుళం పక్క పల్లె. మిరపచేలలో కూలికి పోయే ఇంట్లో మొదటిసారి డిగ్రీ చదివిన పిల్ల. ఆమెకు సీలియాక్ డిసీజ్. గోధుమలో ఉండే గ్లూటెన్ అనే పదార్థం రవ్వంత లోపలికి పోయినా పేగు దెబ్బతింటుంది. మదురైలో పరీక్షలు చేసి తేల్చారు. ఇక్కడ పప్పుల టోకు వ్యాపారి ఆఫీసులో బిల్లింగ్ పని దొరికింది. మొదటి నెల ట్రయల్. ఒక్క రోజు రాకపోయినా పేరు కొట్టేస్తామని ముందే చెప్పారట. ఉండేది లేడీస్ హాస్టల్. అక్కడ పొద్దున ఉప్మా, రాత్రి చపాతీ. గదిలో పొయ్యి వెలిగించకూడదు.

"ఇంట్లో కంబు కూడు తిని బాగనే ఉంటినక్కా. ఈడికి వస్తి, కడుపునొప్పి మళ్ళా మొదులాయె. తక్కువ రేటులో నేను తినే సాపాడు యాడ దొరుకుతాదో చెప్పు" అంది. కంబంటే సజ్జలు, సాపాడంటే తిండి. నేనూ ఇంట్లో తెలుగే మాట్లాడతానని తెలిశాక మేడమ్ పోయి అక్కనయ్యాను.

కాగితం మీద రాసిచ్చి పంపేయడానికి మనసొప్పలేదు. మధ్యాహ్నం విరామంలో నేనే వెంట తీసుకెళ్ళాను. మొదటి హోటల్లో ఇడ్లీ చాలు, సాంబారు వద్దు అని నేను చెబుతూనే ఉన్నాను, బకెట్టు పట్టుకొచ్చిన సర్వర్ ఇడ్లీల మీద గరిటెడు పోసేశాడు. అడగకుండా పోయడమే మా ఊళ్ళ మర్యాద మరి. అందులో ఇంగువ ఉంటుంది. హోటళ్ళు వాడే డబ్బా ఇంగువలో సగానికి సగం మైదానే. కల్తీ కాదు, దాని తయారీయే అంత. రెండో హోటల్లో పరోటా కాల్చిన పెనం మీదే దోసె పోస్తున్నారు. కొత్తగా పెట్టిన మిల్లెట్ కేఫ్‌లో రామలక్ష్మి ఇంట్లో మట్టి సట్టిలో కాచుకునే కంబు అంబలి గాజు గిన్నెలో వచ్చింది. ధర చూసి ఆ పిల్ల నవ్వింది. "మా నాయినకి చెప్తే చేని గట్టు మీదే కేఫ్ పెడతాడక్కా" అంది. నాకు నవ్వు రాలేదు. పేదవాళ్ళ కూడు పెద్దవాళ్ళ ఫ్యాషనైతే పేదవాళ్ళకే అందకుండా పోతుంది.

చివరికి మార్కెట్ వెనక సందులో గురువమ్మక్క మెస్ దొరికింది. ఆవిడదీ తెలుగిల్లే. నేను ఒక్కొక్కటీ విడమరిచి చెప్పాను. గిన్నె వేరు, గరిటె వేరు, తాలింపులో ఇంగువ వద్దు అన్నాను.

"మన బాస మాట్లాడే పిల్ల, నేను చూసుకుంటాను పో అమ్మా. గోదుమ దీని ఆకు పక్కకే రాదు" అందావిడ.

మాట నిలబెట్టుకుంది కూడా. పిల్లకు వేరే చిన్న సట్టిలో పప్పుచారు కాచేది. రెండు వారాలు గడిచేసరికి రామలక్ష్మి ముఖం తేరుకుంది. ట్రయల్ ఇంకో వారంలో ముగుస్తుందనగా ఒక సాయంత్రం నెలసరి నొప్పితో ముడుచుకుని మెస్‌కు వెళ్ళింది. మర్నాడు పొద్దున హాస్టల్ వార్డెన్ ఆటోలో తెచ్చి మా ఆసుపత్రిలో చేర్చింది. ఆగని వాంతులు, విరేచనాలు. సెలైన్ ఎక్కించారు.

నేను గురువమ్మక్క మీదికి వెళ్ళాను. "ఏం పెట్టావక్కా?"

"ఏమీ పెట్టలేదమ్మా. కడుపు పట్టుకోని వచ్చె. పెరుంగాయం కలిపి మజ్జిగ రెండు లోటాలు తాగిస్తిని. నొప్పిలో ఏందని అడక్కుండా తాగేసె, అంతే."

పెరుంగాయమంటే ఇంగువే. నాకు ఒళ్ళు మండిపోయింది. "ఇంగువ వద్దని నీకు చిలక్కి చెప్పినట్టు చెప్పానే!"

"సాపాట్లో వద్దంటివి, వెయ్యలేదు. ఇది సాపాడు కాదే, మందు! మా అమ్మ మాకు పోసె, నేను నా బిడ్డలకి పోస్తి. పిల్ల నొప్పితో అల్లాడతా ఉంటే ఉత్తినే చూస్తా ఉండమంటావా?"

అబద్ధమాడిన మనిషైతే తిట్టి పోయేదాన్ని. ఈవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుని నిలబడింది.

టోకు వ్యాపారి మేనేజరుకు నేనే ఫోన్ చేశాను. డాక్టర్ సర్టిఫికెట్ పంపిస్తాం, నాలుగు రోజులు ఆగండి అని బతిమాలాను. "తిండే పడనిదానికి పనేం పడుతుందమ్మా? ఊళ్ళో పిల్లలకు కరువా?" అని తమిళంలో అనేసి ఫోన్ పెట్టేశాడు. ఆ మనిషికి కళ్ళనీళ్ళూ లేవు, సందేహమూ లేదు.

డిశ్చార్జ్ రోజు బస్సెక్కించడానికి వెళ్ళాను. "ఊరికి పోతే కడుపు బాగైపోతాదక్కా" అంది రామలక్ష్మి. మళ్ళీ మిరపచేలలో కూలికి పోవాల్సిన సంగతి ఎత్తలేదు.

అప్పటినుంచి ఏ రోగి వచ్చినా ఏం తింటారని అడిగి ఊరుకోను. కడుపు నొప్పి వస్తే ఇంట్లో ఏం తాగిస్తారు, జ్వరమొస్తే ఏం పోస్తారు అని కూడా అడుగుతాను. మనవాళ్ళు వాటిని తిండి లెక్కలో చెప్పరు. ఒక పిల్ల ఉద్యోగం పోయాక నేర్చుకున్న చదువు ఇది, చేదుగానే ఉంటుంది.

గురువమ్మక్క మెస్‌లో ఆ తర్వాత ఇంగువ డబ్బా కనబడలేదు. సాంబారులో వాసన లేదని గిరాకీలు సణుగుతారు, ఆవిడ పట్టించుకోదు. రామలక్ష్మి సట్టి కడిగి అలమారలో బోర్లించే ఉంచింది. ఇప్పుడా మెస్‌లో ఆ పిల్ల దేనికీ భయపడకుండా కూర్చుని తినొచ్చు. తినడానికి రావాలంటే, ఈ ఊళ్ళో దానికి పని ఉండాలి.